వీసీ గారికి శాలువా కప్పేది ఎవరు?

కొత్త వీసీ చార్జి తీసుకున్నాక ఓ వారం పాటు జిల్లా ఎడిషన్ పేపరు ఓపిగ్గా తిరగేయండి. ఆ యూనివర్సిటీలో రాబోయే మూడేళ్లు ఎలా నడుస్తాయో ముప్పాతిక వంతు అక్కడే తెలిసిపోతుంది. ఆయన పీహెచ్‌డీ ఎక్కడ చేశారు, ఎన్ని పేపర్లు రాశారు అనే వార్త మొదటి రోజు వస్తుంది, దాన్ని వదిలేయండి. తర్వాత రోజుల్లో లోపలి పేజీల్లో వచ్చే ఫొటోలు చూడాలి. వీసీ గారు సోఫాలో కూచుని ఉంటారు, భుజాల మీద ఒకదాని మీద ఒకటి శాలువాలు, చేతిలో బొకే, వెనకాల వరసగా తెల్లచొక్కాలు. "ప్రైవేటు డిగ్రీ కళాశాలల యాజమాన్యాల సంఘం ప్రతినిధులు మర్యాదపూర్వకంగా కలిశారు" అని కింద రాసి ఉంటుంది. పక్క రోజు బీఈడీ కాలేజీలవాళ్లు. ఆ పక్క రోజు హాస్టల్ బ్లాకు కట్టిన కాంట్రాక్టరు, సెక్యూరిటీ గార్డులని సప్లై చేసే ఏజెన్సీ ఆయన, ఊళ్లో వెంచర్లు వేసే ఇంకో పెద్దమనిషి.

వీసీల జాబితా వచ్చిన రోజున వాట్సాప్ గ్రూపుల్లో మనం వేసే లెక్క వేరు. ఏ కులానికి ఎన్ని, ఏ పార్టీ మనిషి ఎవరు, ఏ మంత్రి సిఫార్సు ఎవరికి. ఆ లెక్క తప్పని నేననను. మన దగ్గర వీసీ పోస్టులో కులం ఉంది, పార్టీ ఉంది, అది దాచితే దాగేది కాదు. కానీ నేను కొన్నేళ్లు ఓ జిల్లా యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పాను, అక్కడ నా కళ్లెదుటే ప్రభుత్వం మారింది, వీసీ మారారు, రిజిస్ట్రార్లు మారారు, గోడ మీద ఫొటోలు మారాయి. ఛాంబరు బయట విజిటర్స్ కుర్చీల్లో కూచునే ఆ నలుగురైదుగురు మాత్రం మారలేదు. అటెండరు వాళ్లకి పేరు అడక్కుండానే తలుపు తీసేవాడు.

రాజకీయ జోక్యం అని ఏడవడం మనకి అలవాటు. రాజకీయం ఐదేళ్లకోసారి రంగు మారుస్తుంది. దాని కింద రంగు మారని పొర ఒకటి ఉంది, అది స్థానిక వ్యాపారం. ఇక్కడ వ్యాపారం అంటే ఫ్యాక్టరీ పెట్టి నలుగురికి పని ఇచ్చి, యూనివర్సిటీకి ల్యాబు కట్టించిన పారిశ్రామికవేత్త గుర్తొస్తే పొరపాటు. మన జిల్లాల్లో యూనివర్సిటీ చుట్టూ తిరిగే వ్యాపారం చాలా వరకు కాలేజీల వ్యాపారమే. వాళ్లకి అనుమతి ఇవ్వాల్సింది యూనివర్సిటీ, తనిఖీ చేయాల్సింది యూనివర్సిటీ, పరీక్షలు పెట్టాల్సింది యూనివర్సిటీ. అంటే కల్లు దుకాణాల వాళ్లంతా కూచుని తమ ఎక్సైజు సీఐ ఎవరో తామే తేల్చుకుంటున్నట్టు. అసలు సమస్య ఇదీ. వీసీ మంచివాడా చెడ్డవాడా అన్నది దీని తర్వాతి ప్రశ్న.

బయటివాళ్లకి అఫిలియేషన్ అంటే ఏదో ఒక్కసారి ఇచ్చే గుర్తింపు అనిపిస్తుంది. అలా కాదు. చాలా కాలేజీలకి ఏటా రెన్యువల్ ఉంటుంది. ఎన్ని సెక్షన్లు, ఏ కొత్త కోర్సులు, ఒక్కో దాంట్లో ఎన్ని సీట్లు, ఇవన్నీ అందులోనే తేలాలి. ఆ మధ్య బీకాం కంప్యూటర్స్‌కి గిరాకీ, ఇప్పుడు పేరులో డేటా సైన్స్ అని ఉంటే చాలు. సీటు నిండితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది (ఎప్పుడొస్తుందన్నది వేరే కథ). పరీక్షా కేంద్రం తమ కాలేజీలోనే పడితే పాస్ శాతం పెరుగుతుంది, పాస్ శాతం పెరిగితే వచ్చే ఏడు ఫ్లెక్సీ మీద వేసుకోవచ్చు, ఫ్లెక్సీ చూసి అడ్మిషన్లు వస్తాయి. ఈ గొలుసులో ప్రతి లంకె దగ్గరా యూనివర్సిటీలో ఎవరో ఒకరి సంతకం కావాలి. ఆ సంతకాలన్నీ సాఫీగా పడాలంటే సంతకాలు పెట్టేవాళ్లకి పైన కూచున్నాయన మనోడై ఉండాలి.

ఈ తనిఖీ ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. పర్మనెంటు లెక్చరర్లు సరిపోక నన్ను కూడా సబ్జెక్టు మెంబరుగా కమిటీలో వేశారు. జిల్లాకి ఓ మూల ఉన్న కాలేజీ, కింద మోటారు సైకిళ్ల షోరూము, పైన రెండంతస్తుల్లో డిగ్రీ. కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్లు తళతళా మెరుస్తున్నాయి, ఒకదాని మీద షాపువాడి రేటు స్టిక్కరు అలాగే ఉంది. సింకు ఉంది, దానికి నల్లా ఉంది, నల్లాకి నీళ్లొచ్చే పైపు లేదు. లైబ్రరీలో పుస్తకం తెరిస్తే అదే యాజమాన్యం వాళ్ల జూనియర్ కాలేజీ ముద్ర. ఫ్యాకల్టీ లిస్టు చూస్తుంటే నాతో పీజీ చదివిన ఒకతని పేరు కనబడింది, ఫొటోతో సహా. అతను అప్పటికి హైదరాబాదులో ప్రైవేటు బ్యాంకులో లోన్లు చూసే పని చేస్తున్నాడు. సర్టిఫికెట్ల జిరాక్సులు మాత్రం ఇక్కడ ఫైల్లో కెమిస్ట్రీ చెప్తున్నాయి.

మధ్యాహ్నం నాటుకోడి పులుసు, చేపల వేపుడు, మళ్లీ మళ్లీ వడ్డనలు. యూనివర్సిటీ ఇచ్చే టీఏ కాకుండా "రానుపోను ఖర్చులకి" అని తలా ఒక కవరు. నేను కవరు బల్ల మీదే పెట్టేసి, రిపోర్టు కింద పైపు సంగతి, పుస్తకాల ముద్ర సంగతి, నా మిత్రుడి సంగతి రాశాను. మా కమిటీ చైర్మన్ గారు చదివి, కోపమేమీ లేకుండా, నిజంగా నా మేలు కోరినట్టే అన్నారు: "మీరింకా కాంట్రాక్టే కదా సార్, ఇవన్నీ ఎందుకు మీకు?" తర్వాత రిపోర్టు ఫెయిర్ కాపీ టైపయింది. అందులో నా మూడు వాక్యాలు లేవు. ఆ ఏడాది ఆ కాలేజీకి ఇంకో సెక్షను కూడా వచ్చింది. కరస్పాండెంటు గారి అన్నయ్య యూనివర్సిటీ పాలకమండలి అయిన ఈసీలో మెంబరు. తర్వాత నన్ను ఏ కమిటీలోనూ వేయలేదు, ఆ ఆదివారాలు హాయిగా గడిచాయి.

ఇక్కడ లంచం కంటే ముఖ్యమైన సంగతి చైర్మన్ గారి మాటలో ఉంది. ఆయన అవినీతిపరుడు కాడు, భయస్థుడు. ఆయన పదోన్నతి ఫైలు ఈసీ ముందుకి వెళ్లాలి. ఈసీలో కూచునేది ఎవరో ఆయనకి తెలుసు.

ఈసీ అంటే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. యూనివర్సిటీలో నియామకాలు, డబ్బు, ఆస్తులు, అన్నీ చివరికి వెళ్లేది అక్కడికే. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో వచ్చిన విశ్వవిద్యాలయాల చట్టమే కొన్ని మార్పులతో రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం ఈసీలో అధికారులు, కొందరు అధ్యాపకులు, వీళ్లతో పాటు పరిశ్రమ, వాణిజ్యం, విద్య, ప్రజాజీవితం లాంటి రంగాల నుంచి ప్రముఖులు ఉంటారు, వాళ్లని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. కాగితం మీద చదివితే బానే ఉంటుంది. సమాజంలో పెద్దలు నలుగురు ఉంటే తప్పేంటి అనిపిస్తుంది. కానీ ఓ మామూలు జిల్లా కేంద్రంలో పరిశ్రమ, వాణిజ్యం, విద్య, ప్రజాజీవితం అని నాలుగు రంగాలు విడివిడిగా ఉండవు కదా. రైసుమిల్లు ఉన్నాయనకే గ్రానైటు క్వారీ, ఆయనకే ఇంజనీరింగ్ కాలేజీ, ఆయన బావమరిదే మాజీ ఎమ్మెల్యే. నాలుగు రంగాల కోటా కింద ఒకే కుటుంబం నుంచి నలుగురిని వేసినా చట్టం ఒప్పుకునేలా ఉంటుంది.

పైన రాష్ట్రస్థాయిలో చూసినా ఇదే బొమ్మ, సైజు పెద్దది అంతే. తెలంగాణలో 2018 ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద 2020లో మొదటి విడత ఐదింటికి అనుమతి వచ్చింది. వాటిలో ఒకటి అప్పటి మంత్రి మల్లారెడ్డి గారి సంస్థలది, ఇంకొకటి అప్పటి అధికార పార్టీ ఎమ్మెల్సీ పల్లా రాజేశ్వర్‌రెడ్డి గారు స్థాపించిన సంస్థది. ఆంధ్రలోనూ విద్యాసంస్థల అధిపతులు మంత్రులుగా, ఎంపీలుగా ఉండటం అన్ని పార్టీల్లోనూ మామూలే. వాళ్ల సంస్థలు బావుండవని నేననడం లేదు, కొన్నిటిలో మా ప్రభుత్వ యూనివర్సిటీలకంటే ల్యాబులు బావుంటాయి. నేననేది ఒక్కటే. ప్రభుత్వ యూనివర్సిటీ నీరసించిపోతే లాభపడే వ్యాపారంలో ఉన్నవాళ్లు, ప్రభుత్వ యూనివర్సిటీకి వీసీ ఎవరో తేల్చే గదికి అంత దగ్గరలో ఉండకూడదు.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఉన్న తెలంగాణ విశ్వవిద్యాలయం సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2023లో అక్కడ వీసీకీ ఈసీకీ పడక, రిజిస్ట్రార్ కుర్చీలో ఎవరు కూచోవాలన్న దాని మీదే రోజుల తరబడి రభస జరిగింది. ఒకరిని ఈసీ వేస్తే వీసీ తీసేయడం, ఇంకొకరిని వీసీ వేస్తే ఈసీ కాదనడం. ఆ జూన్‌లో తార్నాకలోని ఇంట్లో ఏసీబీ వాళ్లు వీసీని పట్టుకున్నారు. భీమ్‌గల్‌లో పరీక్షా కేంద్రం కేటాయించడానికి 50 వేలు తీసుకున్నారన్నది అభియోగం. అందరూ ఆ యాభైవేలు చూసి ముక్కున వేలేసుకున్నారు, ఇంత పెద్ద పదవిలో ఉండి ఇంత చిన్న మొత్తమా అని. నాకు ఆశ్చర్యం వేసింది వేరే చోట. ఒక మండల కేంద్రంలో ఒక కాలేజీకి పరీక్షా కేంద్రం ఇవ్వాలా వద్దా అన్నది వీసీ స్థాయి నిర్ణయం ఎందుకయింది? పరీక్షల కంట్రోలర్ ఆఫీసులో రూలు ప్రకారం, దూరం చూసి, గదులు లెక్కపెట్టి తేలాల్సిన పని అది. రూలు ప్రకారం తేలితే ఎవరి దయా అక్కర్లేదు, అందుకే తేలనివ్వరు.

(అంతకుముందు 2018లో కోయంబత్తూరు భారతియార్ యూనివర్సిటీ వీసీని అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు కోసం 30 లక్షలు తీసుకున్నారని అరెస్టు చేశారు. అందులో లక్ష నగదు, మిగతా 29 లక్షలు చెక్కుల రూపంలోనట. లంచం చెక్కుల్లో తీసుకునేంత ధీమా ఎలా వస్తుందో మీరే ఆలోచించండి.)

అక్రెడిటేషన్ దగ్గరా అంతే. 2025 ఫిబ్రవరిలో నాక్ (విద్యాసంస్థల నాణ్యత చూసి గ్రేడిచ్చే సంస్థ) గ్రేడు కోసం లంచాల కేసులో సీబీఐ పది మందిని అరెస్టు చేసింది. అందులో గుంటూరు జిల్లా వడ్డేశ్వరంలోని కేఎల్ఈఎఫ్ డీమ్డ్ యూనివర్సిటీ వీసీ, ఉపాధ్యక్షుడూ ఉన్నారు, తనిఖీకి వచ్చిన కమిటీ చైర్మనూ ఉన్నారు. కేసు కోర్టులో తేలాలి, అప్పటిదాకా అవి ఆరోపణలే. కానీ సోదాల్లో దొరికాయని సీబీఐ చెప్పిన వాటిలో నగదుతో పాటు ల్యాప్‌టాప్‌లు, ఐఫోను కూడా ఉన్నాయని చదివినప్పుడు, మా నాటుకోడి పులుసు కాలానికి తగ్గట్టు అప్‌గ్రేడ్ అయిందనుకున్నాను.

ఇక రెండో వైపు వాదన. ఊళ్లో డబ్బున్నవాళ్లని యూనివర్సిటీ గేటు బయటే ఆపేస్తే యూనివర్సిటీలు ఎలా బతుకుతాయి, ప్రభుత్వం జీతాలకే బ్లాక్ గ్రాంటు సరిపెట్టలేకపోతోంది కదా అని నా మిత్రుడొకరు ఎప్పుడూ అడుగుతుంటాడు. సబబైన ప్రశ్నే. ఆంధ్రా యూనివర్సిటీకి జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అదీ 1930ల నాటి లక్ష. విశాఖలో సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అప్పుడు వీసీ రాధాకృష్ణన్. ఆ డబ్బుతో కట్టిన ల్యాబుల్లో ఎందరెందరు చదువుకున్నారో. ఆ డబ్బు ఇచ్చినాయన యూనివర్సిటీ నుంచి అనుమతి కోసం ఎదురుచూసే వ్యాపారంలో లేరు, తేడా అక్కడుంది. ఇచ్చే చెయ్యి వేరు, అడిగే చెయ్యి వేరు అయినప్పుడు దానం దానంలాగే ఉంటుంది.

చిదంబరంలో అన్నామలై యూనివర్సిటీ ఇంకో రకం కథ. మన టీచర్లలో ఒక తరం మొత్తం ప్రమోషన్ కోసం దూరవిద్యలో అక్కడ ఎంఏలు, ఎంఈడీలు చేసింది కాబట్టి ఆ పేరు మనకి బాగా తెలుసు. 1929లో రాజా అన్నామలై చెట్టియార్ తన కాలేజీలూ, 20 లక్షలూ ఇచ్చి పెట్టించారు. గొప్ప పనే. కానీ ఆ చట్టంలోనే స్థాపకుడికి, ఆయన తర్వాత వారసులకి ప్రో-ఛాన్సలర్ (ఛాన్సలర్ తర్వాతి పదవి) హోదా రాసిపెట్టారు. దశాబ్దాలు గడిచాయి, అవసరానికి మించి వేల మంది సిబ్బందిని చేర్చుకుంటూ పోయారు, చివరికి జీతాలివ్వలేని స్థితికి వచ్చింది. 2013లో తమిళనాడు ప్రభుత్వం కొత్త చట్టం చేసి స్వాధీనం చేసుకుంది. మొదటివాడి ఔదార్యం నిజమే అయినా, పెత్తనాన్ని వంశపారంపర్యం చేస్తే మూడో తరానికి ఏమవుతుందో అక్కడ కనబడింది.

అందుకే 2025 జనవరిలో యూజీసీ ముసాయిదా నిబంధనలు వచ్చినప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. ప్రొఫెసర్లే కానక్కర్లేదు, పరిశ్రమలోనో ప్రజాపాలనలోనో పెద్ద స్థాయిలో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా వీసీ కావచ్చని అందులో ఉంది. వీసీ పదవికి పేర్లు వెతికి పంపే సెర్చ్ కమిటీ కూర్పులో రాష్ట్ర ప్రభుత్వానికి చోటు లేకుండా చేశారు. తెలంగాణ, తమిళనాడు, కేరళ, కర్ణాటక ప్రభుత్వాలు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరాలు ఎక్కువగా కేంద్రమా రాష్ట్రమా అన్న దాని చుట్టూనే తిరిగాయి. పరిశ్రమ నుంచి వీసీ అంటే మా జిల్లాలో ఎవరొస్తారో ఎవరూ అడగలేదు. బెంగళూరు నుంచి సెమీకండక్టర్ల కంపెనీ డైరెక్టరు ఉద్యోగం వదిలేసి మా ఊరు వస్తాడని ఎవరైనా అనుకుంటున్నారా?

మరి ఇదంతా ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే లేదు, కనీసం ఒక్కసారి గట్టిగా నిలబడింది. 1966లో ఉస్మానియా వీసీగా డి.ఎస్. రెడ్డి గారు ఉన్నారు. 1964లో ఆయనకి చట్టప్రకారం మళ్లీ ఐదేళ్ల పదవీకాలం ఇచ్చారు. ప్రభుత్వానికీ ఆయనకీ పొసగలేదు. ఉస్మానియా చట్టాన్ని సవరించి వీసీ పదవీకాలాన్ని మూడేళ్లు చేశారు. అయినా ఆయన పోయేలా లేరని, వెంటనే ఇంకో సవరణ తెచ్చి 13-ఏ అనే సెక్షను చేర్చారు, దాని సారాంశం ఏమిటంటే ఇప్పుడు పదవిలో ఉన్నాయన 90 రోజుల్లో దిగిపోవాలి, కొత్తాయన రావాలి. విచారణ లేదు, కారణం లేదు. మామూలుగా వీసీని తొలగించాలంటే న్యాయమూర్తి చేత విచారణ జరిపించాలని అదే చట్టంలో ఉంది, ఈ ఒక్కాయనకి మాత్రం అది వర్తించదు. హైకోర్టులో ఓడినా ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షనుని కొట్టేసింది, ఒకే ఒక్క మనిషిని గురిపెట్టి చేసిన చట్టం సమానత్వ హక్కుకి విరుద్ధం అని. ఆ తర్వాత కూడా ఆయన వీసీగానే కొనసాగారు.

ఆ కేసులో నాకు నచ్చేది రెడ్డి గారి ధైర్యం ఒక్కటే కాదు. ఆయన్ని దించడానికి ప్రభుత్వం అసెంబ్లీకి వెళ్లాల్సి వచ్చింది, రెండు సవరణలు చేయాల్సి వచ్చింది, అయినా దించలేకపోయింది. ఎందుకంటే ఆయన వెనక ఐదేళ్ల పదవీకాలం ఉంది, నిండుగా పర్మనెంటు ఫ్యాకల్టీ ఉంది. ఇప్పుడు ఆ రెండూ లేవు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే పదిహేను మందికి పైగా వీసీలు వరసగా రాజీనామా చేశారు. బలవంతంగా చేయించారని ఒకరు, పార్టీ కార్యకర్తల్లా పనిచేసినవాళ్లు పోతే తప్పేంటని ఇంకొకరు, గొడవ శాసనమండలి దాకా వెళ్లింది. ఒక్కరంటే ఒక్కరు కోర్టుకెళ్లి నా పదవీకాలం ఇంకా ఉంది, నేను దిగను అని నిలబడినట్టు నాకు గుర్తులేదు. సిఫార్సుతో ఎక్కినవాళ్లకి ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుంది.

ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో తొమ్మిది యూనివర్సిటీలకి వీసీలొచ్చేదాకా ఇన్‌చార్జులే. తెలంగాణలో ఇంకా ఘోరం, 2019 నుంచి 2021 మే దాకా దాదాపు రెండేళ్లు చాలా యూనివర్సిటీలని ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జులుగా నడిపారు, మళ్లీ 2024 మే నుంచి అక్టోబరు దాకా అదే తంతు. ఇన్‌చార్జ్ వీసీ ఉంటే నిర్ణయాలు ఆగిపోతాయని పేపర్లు రాస్తాయి. ఆగవండీ. సచివాలయంలో మూడు శాఖలు చూసుకునే అధికారి నెలకోసారి వచ్చి పోతారు, మిగతా రోజుల్లో ఫైళ్లు రిజిస్ట్రార్ బల్ల మీదుగా, సూపరింటెండెంట్ల బీరువాల మీదుగా నడుస్తూనే ఉంటాయి. ఆ దారులన్నీ ఎవరికి కొట్టినపిండో వేరే చెప్పక్కర్లేదు.

పర్మనెంటు ఫ్యాకల్టీ సంగతి అసలే ఎత్తకూడదు. తెలంగాణ యూనివర్సిటీల్లో మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఆంధ్రలో 2023లో మూడు వేలకు పైగా పోస్టుల భర్తీ అని హడావిడి చేశారు, కోర్టు కేసుల్లో ఇరుక్కుంది. ఖాళీలంటే పాఠాలు చెప్పేవాళ్లు లేకపోవడమే అనుకుంటాం. తనిఖీ కమిటీలో "పైపు లేదు" అని రాసి, ఆ రాసింది చెరిపేస్తే గొడవ పెట్టగలిగే మనిషి లేకపోవడం కూడా ఖాళీయే. కాంట్రాక్టు మనిషికి ఏప్రిల్‌లో రెన్యువల్ ఉంటుంది, కాలేజీకి ఉన్నట్టే. ఇద్దరి రెన్యువలూ ఒకే ఆఫీసు నుంచి రావాలి.

యాజమాన్యాల వైపు కూడా ఓ మాట చెప్పకపోతే అన్యాయం. వాళ్లందరూ దొంగలు కారు. ప్రభుత్వం ఫీజు బకాయిలు ఏళ్ల తరబడి ఇవ్వకపోతే, లెక్చరర్లకి జీతాలివ్వలేక అప్పులు చేసి నడిపేవాళ్లు నాకు తెలుసు. రూలు ప్రకారం వెళ్తే ఫైలు ఆర్నెల్లు పడుతుంది, పైరవీ చేస్తే ఆరు రోజుల్లో అవుతుంది అన్నప్పుడు ఎవరైనా పైరవీకే పోతారు. సరిగ్గా నడిపే చిన్న కాలేజీకి ఈసీలో మనిషి ఉండడు, వాడే ముందు మునుగుతాడు. ఈ వ్యవస్థ వల్ల నష్టపోయే మొదటి వ్యాపారి కూడా నిజాయితీగా కాలేజీ నడిపేవాడే.

చేయాల్సింది ఆకాశం నుంచి దిగిరానక్కర్లేదు. 2018 యూజీసీ నిబంధనల్లోనే వీసీ సెర్చ్ కమిటీలో ఉండేవాళ్లకి ఆ యూనివర్సిటీతో గానీ, దాని కాలేజీలతో గానీ ఏ రకమైన సంబంధం ఉండకూడదని స్పష్టంగా ఉంది. మూడు నుంచి ఐదు పేర్లు పంపాలని ఉంది. ఇది ఉత్తుత్తి రూలేం కాదు, 2022లో కేరళ టెక్నలాజికల్ యూనివర్సిటీ వీసీ నియామకాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది, కారణాల్లో ఒకటి కమిటీ ఒకే ఒక్క పేరు పంపడం. వీసీని ఎంపిక చేసే మూడు రోజుల కమిటీకి ఉన్న ఈ నియమం, మూడేళ్లూ వీసీ పక్కన కూచునే ఈసీకి ఎందుకు లేదు? అఫిలియేటెడ్ కాలేజీలో తనకో, కుటుంబానికో వాటా ఉన్నవాళ్లు ఆ యూనివర్సిటీ ఈసీలో ఉండకూడదని ఒక్క వాక్యం చేర్చితే చాలు. ప్రిన్సిపాళ్ల ప్రాతినిధ్యం ఉండొచ్చు, దానికి వేరే చోటు ఉంది, నేనంటున్నది యజమానుల గురించి. దాంతో పాటు తనిఖీ కమిటీ రిపోర్టు, ఫొటోలతో, రాసినవాళ్ల సంతకాలతో, టైపు చేయకముందు చేత్తో రాసిన కాపీతో సహా, అదే వారం యూనివర్సిటీ సైట్‌లో పెట్టాలి. ఈసీ సమావేశాల మినిట్స్ కోసం ఆర్టీఐ వేసి, అప్పీలుకి వెళ్లి, కమిషన్ దాకా తిరగాల్సిన పని ఎందుకు ఉండాలి? ప్రజల డబ్బుతో నడిచే సంస్థ మినిట్స్‌లో రహస్యం ఏముంటుంది, ఎవరి భూమి ఎవరికి లీజుకిచ్చారన్నది తప్ప.

తెలంగాణలో 2024 అక్టోబరులో వేసిన వీసీల మూడేళ్లు 2027 అక్టోబరుకి పూర్తవుతాయి, ఆంధ్రలో 2025 ఫిబ్రవరి బ్యాచికి 2028 ఫిబ్రవరికి. మళ్లీ ఇన్‌చార్జుల పాలన రాకూడదంటే ఆరు నెలల ముందే, అంటే తెలంగాణలో 2027 ఏప్రిల్‌కల్లా సెర్చ్ కమిటీలు కూచోవాలి. అప్పటికి ఎవరైనా జిల్లా విలేకరి తన యూనివర్సిటీ ఈసీ సభ్యుల పేర్లు ఒక పక్క, అఫిలియేటెడ్ కాలేజీలని నడిపే సొసైటీల్లో ఉన్నవాళ్ల పేర్లు ఇంకో పక్క పెట్టి ఒక్క కథనం రాస్తే బాగుండు. సొసైటీల రికార్డు వాటిని రిజిస్టర్ చేసే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఉంటుంది, ఫీజు కట్టి నకలు అడగొచ్చు.